దించమని ఎవరు చెప్పాలి?

నేను మూడుసార్లు అడిగాను. మొదటిసారి చీటీ మీద రాసి డబ్బాలో వేశాను. రెండోసారి అందరూ వింటుండగా నోటితో అడిగాను. మూడోసారి ఉత్తరం రాసి రిజిస్టరు పోస్టులో పంపాను. అది చేరినట్టు ఎవరో సంతకం పెట్టిన అట్టముక్క నా బైబిలులో ఉంది. జవాబు మాత్రం ఇంతవరకూ రాలేదు. ఇప్పుడు నాలుగోసారి, అచ్చులో అడుగుతున్నాను. మర్యాదగా అడగడం నాకు చేతకాదని మా చర్చిలో కొందరు అంటారు. మర్యాదగా అడిగిన మూడుసార్లూ ఏమైందో ఇప్పుడే చెప్పాను కదా.

ఈసారి నాకు తొందర కూడా ఉంది. నా భార్య ముందుగదిలో, కిటికీ పక్క మంచం మీద ఉంది. కడుపులో గడ్డ. ఇంక కోసేదీ లేదు, ఎక్కించేదీ లేదని ఆసుపత్రివాళ్ళు ఇంటికి పంపారు. ఆమె ఇంట్లోనే, ఆ మంచం మీదే పోవాలనుకుంటోంది. ఆమె కోరిందల్లా అదొక్కటే. అది నా చేతుల్లో ఉంది. నాకేమో నా చేతుల మీద నమ్మకం లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే గని దగ్గర మొదలుపెట్టాలి.

నేను బంగారు గనుల్లో భూమి కింద పట్టాలు సరిచేసేవాణ్ణి. దానితోపాటు ప్రథమ చికిత్స నేర్పించి నన్ను స్ట్రెచర్ మోసే జట్టులో వేశారు. గనిలో ఒక పద్ధతి ఉండేది. ఏ పుస్తకంలోనూ రాసి లేదు, అయినా అందరూ పాటించేవాళ్ళు. కింద ఎవరూ చచ్చిపోకూడదు. రాయి పడి నలిగినవాడైనా సరే, అయిపోయాడని కింద ఎవరూ అనకూడదు. ఆ మాట పైన ఆసుపత్రిలో డాక్టరు చెప్పాలి. మా పని ఎత్తడం, మనుషుల్ని పైకి లాగే ఇనుప పెట్టె దాకా మోయడం. దాన్ని మేము కేజి అనేవాళ్ళం. దారి పొడుగునా ఆ మనిషితో మాట్లాడుతూనే ఉండాలి. "కేజి వస్తాండాదప్పా, ఇంగ రెండు నిమిషాలు, నిద్రపోవద్దప్పా" అంటూ. ఒళ్ళు చల్లబడినవాడితో కూడా నేను అలా మాట్లాడాను. కొత్తగా చేరినవాడొకడు ఒకసారి "అన్నా, ఈయన అయిపోయినాడు" అన్నాడు. మా జట్టు పెద్ద వాడి చెంప పగలగొట్టాడు. "నువ్వేమన్నా డాక్టరువా? ఎత్తు!" అన్నాడు. అది మాకు గొప్పగా ఉండేది. మా వాళ్ళలో ఎవరూ చీకట్లో, రాళ్ళ మధ్య పడి చచ్చిపోలేదని చెప్పుకునేవాళ్ళం.

గని మూసేశాక స్ట్రెచర్లు షెడ్డు బయట వానకు పడి ఉంటే ఒకటి ఇంటికి తెచ్చుకున్నాను. నా భార్య దాని మీద ఎండుమిరపకాయలు ఆరబోసుకునేది. "ఇన్నాళ్ళకు దీని మీద పండుకున్నోళ్ళు అరవకుండా ఉండారు" అనేది.

మా అన్న కూడా గనిమనిషే. రాతిలో డ్రిల్లు మిషను పట్టేవాడు. ఆ రాతిదుమ్ము ఆయన ఊపిరితిత్తుల్లో చేరింది. గని మూతపడ్డాక బూదికోట దగ్గర మా వదిన పుట్టింటివాళ్ళ ఊరికి పోయి, పట్టుపురుగులకు మల్బరీ ఆకు కోస్తూ కొన్నేళ్ళు బాగానే ఉన్నాడు. తర్వాత పది అడుగులు వేస్తే ఆగి నిలబడే పరిస్థితి వచ్చింది. ఆ తర్వాత అయిదు. ఒక ఆసుపత్రిలో చేర్చాం. చాలా రోజులుంచుకొని ఒక ఉదయం డాక్టరు వచ్చి, "ఇంటికి తీసుకుపోండి, ఇష్టమైనవి పెట్టండి" అన్నాడు. ఆయన కళ్ళు మా వైపు లేవు, చేతిలో కాగితం వైపు ఉన్నాయి. నాకు ఇప్పటికీ ఆ కాగితం పట్టుకున్న వేళ్ళు గుర్తున్నాయి.

ఇష్టమైనవి పెట్టమన్నాడంటే పథ్యం లేదు, పథ్యం లేదంటే రోగం తగ్గిపోయినట్టే. మా వదిన అలా అనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను. ఊరికి చేరిన రోజే ఆమె నాటుకోడి కోయించి పులుసు పెట్టింది. మింగలేక ఆయన తల తిప్పుకుంటుంటే నేను గడ్డం పట్టుకొని చెంచా పెట్టాను. "తినన్నా, తింటేనే కదా బలం వచ్చేది" అన్నాను. ఆయనకు పొర పోయింది. దగ్గి దగ్గి, ఊపిరి తిరిగాక, "ఒరేయ్, సాకురా" అన్నాడు. చాలురా అని. మా వైపు అందరికీ ఆ కన్నడ మాటే నోట్లో ఉంటుంది. నేను పులుసు చాలని అనుకున్నాను.

తర్వాతి వారం ఒక పొద్దున నేను పోయేసరికి మంచం వసారాలో ఉంది. మల్బరీ తోట కనబడాలని ఆయనే వేయించుకున్నాడట. మా వదిన పక్కన కూర్చొని ఆయన అరచేయి తన చేతిలో పెట్టుకొని ఉంది. ఊపిరి వచ్చేది, ఆగేది. చాలాసేపటికి మళ్ళీ వచ్చేది.

"ఎప్పట్నుంచి ఇట్లుండాది?" అని అరిచాను.

"కోడి కూసినప్పట్నుంచి. అరవద్దప్పా, ఆయన నెమ్మదిగా ఉండాడు" అంది వదిన.

"నెమ్మదేంది వదినా, ఊపిరి ఆగిపోతాంటే! ఎత్తండి!"

నా గొంతు అలా లేస్తే మనుషులు మాట వింటారు. గని నేర్పింది అది. పాలు తీసుకుపోయే టెంపో ఆపాను. నలుగురం ఆయన్ను మంచంతో సహా ఎత్తి టెంపోలో పెట్టాం. పాల క్యాన్ల మధ్య చోటు లేదని వదినను డ్రైవరు పక్కన కూర్చోమన్నాను. అన్న తల వైపు నేను నిలబడ్డాను. దారిలో రైల్వే గేటు వేసి ఉంది. గూడ్సు బండి. డబ్బా తర్వాత డబ్బా పోతూనే ఉంది. అన్న కళ్ళు తెరిచి ఉన్నాయి, ఎవరినో వెతుకుతున్నాయి. నేను వంగి, "కేజి వస్తాండాదన్నా, ఇంగ రెండు నిమిషాలు" అన్నాను. మా అన్నతో. పట్టపగలు, టెంపోలో. గేటు లేచేలోపల ఆయన పోయాడు. అయినా నేను దించలేదు, ఆసుపత్రి దాకా తీసుకుపోయాను. చెప్పవలసినవాడు అక్కడ ఉన్నాడు కాబట్టి.

సమాధి దగ్గర నుంచి తిరిగి వస్తుంటే మా వదిన, "నా చెయ్యి పట్టుకొని పోతా ఉండె. నువ్వు వచ్చి విడిపించినావు" అంది. కోపంగా అనలేదు. అప్పటి నుంచి నాతో మాట్లాడుతుంది, కాఫీ ఇస్తుంది, నా ముఖం మాత్రం చూడదు. నాకు తగిలిన అవమానాలన్నీ నాకు గుర్తుంటాయని నా భార్య ఎగతాళి చేస్తుంది. ఇది అవమానం కాదు, అందుకే దీన్ని ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియదు.

కొన్నేళ్ళ తర్వాత మా చర్చి గోడ మీద ఒక కాగితం అంటించారు. నయం కాని రోగులను చివరి రోజుల్లో ఇంట్లో ఎలా చూసుకోవాలో ప్రజలకు, ఆరోగ్య కార్యకర్తలకు నేర్పుతారట. చర్చి హాలులో, ఉచితంగా. నేను అందరికంటే ముందు పోయాను. బల్ల దగ్గరున్నామె ఏ డిపార్ట్‌మెంటు అని అడిగింది. ఏ డిపార్ట్‌మెంటూ కాదంటే, నోటుపుస్తకం, పెన్ను ఇవ్వకుండా వెనక వరుస చూపించింది. ముందు వరుసల్లో ఆశా కార్యకర్తలు, నర్సులు. వెనక మేము, పాత గనివాళ్ళం, మా ఆడవాళ్ళు, తిరగని ఫ్యాను కింద. కాగితం మీద ప్రజలకు అన్న మాటే మొదట రాశారని నేను గుర్తుచేస్తే ఆమె నవ్వింది.

మాట్లాడటానికి వచ్చిన డాక్టరు మంచి విషయాలే చెప్పాడు, అది ఒప్పుకుంటాను. చివరి రోజుల్లో ఆకలి దానంతటదే పోతుందట. బలవంతంగా పెడితే పొర పోతుందట. పెదవులు తడిగుడ్డతో తడుపుతూ ఉంటే చాలట. ఊపిరి ఆగి ఆగి రావడం పోయేముందు సహజమట, చూసేవాళ్ళకు ఉన్నంత బాధ పడుకున్నవాళ్ళకు ఉండదట. నొప్పికీ ఆయాసానికీ మందులున్నాయట. రోగికీ ఇంట్లోవాళ్ళకూ నిజం ముందే చెప్పాలట. ఆయన ఒక్కొక్కటి చెబుతుంటే నా మీద నేరాలు చదువుతున్నట్టు ఉంది. చెంచా. పులుసు. టెంపో. నా చొక్కా తడిసిపోయింది. పక్కవాడి పెన్ను అడిగి, ఆ గడియలో ఎత్తకుండా మమ్మల్ని ఎవరు ఆపాలి అని పాటల కాగితం వెనక రాసి ముందుకు పంపాను. చీటీలన్నీ బిస్కెట్ల డబ్బాలో వేశారు.

తర్వాత ఒక నర్సమ్మ లేచింది. చిత్తూరు వైపు ఆమె, మాట మా మాటలాగే ఉంది. వేదిక మీద మంచం వేయించి, "ఎవురైనా ఒకరు రోగి మాదిరి వచ్చి పండుకోండప్పా, ఎట్ల తిప్పాలో చూపిస్తా" అంది.

ఎవరూ కదలలేదు. పోయేవాళ్ళ మాదిరి ఎవరు పడుకుంటారు?

"అమ్మో, నేను కాదు మేడమ్. మా అత్తకు తెలిస్తే ఇంట్లోకి రానీదు" అంది ఒక ఆశా కార్యకర్త.

"పాస్టరయ్యను పండబెట్టండి. ఆయనకు పైన తెలిసినోళ్ళు ఉండారు" అని ఇంకొకామె. హాలంతా నవ్వింది.

నేను పోయి పడుకున్నాను. ఇద్దరు ముగ్గురు ఆశమ్మలు వచ్చి నన్ను పక్కకు తిప్పడం నేర్చుకున్నారు.

"ఏం తిన్నావు తాతా, రాయి మాదిరి ఉండావు?"

"రాయే తిన్నాను తల్లీ, గని మూసేదాకా" అన్నాను.

అప్పుడు నర్సమ్మ హాలు వైపు తిరిగింది. "ఇప్పుడీయన ఊపిరి ఆగి ఆగి వస్తాండాది. ఇంట్లో మీరే ఉండారు. ఏం చేస్తారు?"

వెనక వరుస నుంచి ఒకే గొంతుగా వచ్చింది. "ఎత్తాల!" నా పాత జట్టువాళ్ళు. నేనేమైనా తక్కువా, మంచం మీద లేకపోతే నేనూ అదే అరిచేవాణ్ణి. నలుగురు అప్పుడే వేదిక ఎక్కేశారు. నర్సమ్మ ఏదో అనేలోపల మంచం గాలిలో ఉంది. "కేజి వస్తాండాదప్పా!" అని ఒకడు తమాషాకు అన్నాడు. అందరూ నవ్వారు.

నేను ఎన్ని వందలసార్లు స్ట్రెచర్ ఎత్తానో నాకే తెలియదు. దాని మీద పడుకోవడం అదే మొదలు. కింద నుంచి చూస్తే మనుషులకు ముఖాలు ఉండవు. గడ్డాలుంటాయి, ముక్కురంధ్రాలుంటాయి. రేకుల కప్పు వెనక్కి జరుగుతూ ఉంటుంది. హాలులో ఆడవాళ్ళ మధ్య నా భార్య ఉందని నాకు తెలుసు. ఆమె కోసం కళ్ళు తిప్పాను. భుజాలు అడ్డం. మళ్ళీ తిప్పాను. టెంపోలో మా అన్న కళ్ళు ఎవరిని వెతికాయో నాకు అప్పుడు తెలిసింది.

"దించండి" అంది నర్సమ్మ. వాళ్ళు దించలేదు, ఎటు తీసుకుపోవాలా అని చూస్తున్నారు. "దించండప్పా! ఆయన యాడికీ పోవాల్సిన పని లేదు!"

దించారు. నేను లేచి కూర్చున్నాను. అక్కడే అడిగాను. "అమ్మా, ఈడ నువ్వుండావు, దించమంటివి. మా ఇంట్లో ఎవురు చెప్తారు?"

ఆమె నోరు తెరిచింది. చెప్పబోయింది, నాకు బాగా తెలుసు. ఈలోగా మైకు పట్టుకున్న నిర్వాహకుడు మధ్యలోకి వచ్చాడు. "మంచి ప్రశ్న పెద్దాయనా. చీటీ వేసినారు కదా, కడాకు చదువుతాం." అని వాచీ చూసుకున్నాడు.

కడాకు చీటీలు చదివారు. ఒకటి మోకాళ్ళ నొప్పికి మందు ఏమిటని. ఒకటి షుగరువాళ్ళు మామిడిపండు తినవచ్చునా అని. ఒకటి ఈ శిక్షణకు సర్టిఫికెట్టు ఎప్పుడిస్తారని. అక్కడితో టైమైపోయింది, టీ తాగండి అన్నారు. డబ్బాను బల్ల దగ్గరామె చంకన పెట్టుకొని కారెక్కింది. నా చీటీ అందులోనే ఉంది. పోయేముందు, "తాతా, ఇంగొకసారి పండుకో, ఫోటోకి" అన్నారు. పడుకున్నాను. ఆ ఫోటో ఇప్పుడు ఆరోగ్య కేంద్రం గోడ మీద ఉంది. బీపీ మాత్రలకు పోయిన ప్రతిసారీ నేను పోతూ ఉండటం నేనే చూసి వస్తాను.

ఇంటికి నడిచి వస్తూ నా భార్య అంది. "ఏమయ్యా, నాకు ఆ గతి వస్తే నన్ను మాత్రం ఎత్తొద్దు. ఎత్తితే చూడు, నీ నడుం ఇరుగుతుంది, నేనూ దెయ్యమై వస్తా." అప్పుడు ఆమెకు ఏ జబ్బూ లేదు. నేను సరే అన్నాను. సరే అనడం అప్పుడు సులభంగా ఉంది.

ఆమెకు గడ్డ ఉందని తెలిశాక నేను డాక్టరును వదల్లేదు. ఆమె ముందే, ఆయన కళ్ళలోకి చూసి అడిగాను. ఆయన నిజం చెప్పాడు, అది కూడా ఒప్పుకుంటాను. అడిగాను కాబట్టి చెప్పాడు. అడగడం తెలియనివాళ్ళ సంగతేమిటని కూడా అడిగాను, దానికి ఆయన నవ్వి మందుల చీటీ రాయడం మొదలుపెట్టాడు. నొప్పికి మాత్రలిచ్చాడు, అవి పనిచేస్తున్నాయి. చివరికి ఊపిరి ఆగి ఆగి వచ్చినప్పుడు ఎవరిని పిలవాలి అంటే, "మీ దగ్గర్లో శిక్షణ అయినవాళ్ళు ఎవరైనా ఉంటే చూడండి" అన్నాడు.

ఉన్నారు కదా. ఆ రోజు నన్ను తిప్పిన ఆశమ్మ మా పక్కవీధే. పోయి అడిగాను. ఆమె వాకిట్లో నిలబెట్టే మాట్లాడింది. "నేర్పినారు తాతా, కాదనను. తిప్పేది వచ్చు, నోరు తడిపేది వచ్చు. అవ్వకు రోజూ వచ్చి చేస్తా. ఆ గడియకు మాత్రం రమ్మనద్దు."

"అప్పుడే కదమ్మా కావాల్సింది."

"నేనొచ్చి ఎత్తొద్దంటే, అవ్వ పోతే, రేపు ఈ వీధిలో నన్నేమంటారు? ఆశమ్మ ఆసుపత్రికి పోనీక చంపేసిందంటారు. నాకూ పిల్లలుండారు. పైనుంచి ఒక కాగితం ఇప్పించు, డాక్టరు రాసిచ్చినాడని. నీ పక్కనే కూచుంటా."

నాకు కోపం వచ్చింది. ఇంటికి వచ్చి ఆలోచిస్తే ఆమె మాటలో తప్పు దొరకలేదు, అందుకు ఇంకా కోపం వచ్చింది. ఆమె తన మాట ప్రకారం రోజూ వస్తోంది, నా భార్య జుట్టు కూడా దువ్వి పోతోంది. దించమన్న నర్సమ్మను రాయల్పాడు వైపు బదిలీ చేశారట. ఆమె నంబరు అడిగితే ఆరోగ్య కేంద్రంలో ఇవ్వకూడదన్నారు. ఉత్తరం రాసింది అప్పుడే. ఆ శిక్షణ పెట్టినవాళ్ళకు ఒకటి, మా ఆరోగ్య కేంద్రానికి ఒకటి, రెండు కాగితాలూ ఒకే కవరులో కేంద్రం చిరునామాకు. సంతకం పెట్టిన అట్టముక్క వచ్చింది.

ఇప్పుడు నేను చేయగలిగింది చేస్తున్నాను. స్ట్రెచరు కర్రలు ఊడదీసి పక్కింటామె చిక్కుడు పందిరికి ఇచ్చేశాను. గోడ మీద రాసుకున్న ఆటో నంబరును నా భార్య నా చేతే తుడిపించింది. తుడిచినా అది నాకు కంఠస్థం.

పొద్దున ఆమెకు కాస్త ఓపిక ఉంటుంది. అప్పుడు నాకు పరీక్ష పెడుతుంది. "కూచో. నేను ఊపిరి బిగబడతా. నువ్వు లేవకూడదు." నేను స్టూలు మీద కూర్చొని చేతులు తొడల కింద పెట్టుకుంటాను. ఆమె కళ్ళు మూసుకుంటుంది. ఛాతీ ఆగుతుంది. బయట వీధిలో కూరగాయల బండి వాడు అరుస్తుంటాడు. నేను లోపల అంకెలు లెక్కపెడతాను. పది దాకా కూడా రాను.

"మళ్ళీ లేచినావు."

"లేవలేదు, కాలు తిమ్మిరెక్కింది."

"కాలు తిమ్మిరెక్కితే నా మెడ కింద చెయ్యెందుకు పెట్టినావు?"

నిజమే. నా చేయి ఆమె మెడ కింద ఉంది, రెండోది మోకాళ్ళ కింద. ఎప్పుడు పోయాయో నాకు తెలియదు. నేను పంపలేదు. నిన్న కూడా అంతే, మొన్న కూడా అంతే. ఆమె ఉత్తుత్తికి ఆపినప్పుడే ఇలా ఉంటే, నిజంగా ఆగిన రోజు ఈ చేతులు ఏం చేస్తాయి? గొంతు లేస్తుంది, వీధి పరుగెత్తుకొస్తుంది, ఎత్తడానికి నలుగురు ఎప్పుడూ దొరుకుతారు. ఆమె కళ్ళు నన్ను వెతికే సమయానికి నేను ఒక గడ్డమై నిలబడి ఉంటాను.

మధ్యాహ్నం పోస్టుమాన్ సైకిలు చప్పుడు వినగానే ఆమె అడుగుతుంది. "జవాబు వచ్చిందా?"

"రాలేదు."

"అయితే ఇంగ కొన్నాళ్ళు ఆగాల నేను" అంటుంది. నవ్వడానికే అంటుంది. నిన్నటి నుంచి ఆ మాట పూర్తిచేయడానికి మధ్యలో రెండుసార్లు ఆగుతోంది.

అయ్యా, మీరు మాకు అన్నీ నేర్పారు. పెదవులు తడపడం వచ్చు, పక్కకు తిప్పడం వచ్చు, బలవంతంగా పెట్టకూడదని తెలుసు. చేతులు ఆపుకోవడం ఒక్కటీ నేర్పలేదు, ఆపే మనిషినీ ఇవ్వలేదు. ఆశమ్మకు ఇవ్వవలసిన కాగితం మీద ఎవరు సంతకం పెడతారు? ఆ గడియకు మా గదిలో నిలబడి, నర్సమ్మ అన్నట్టు, దించండప్పా అని ఎవరు అంటారు? అట్టముక్క మీద సంతకం పెట్టినవాళ్ళు ఉన్నారు కదా, వాళ్ళే చెప్పండి. చీటీ వద్దు, డబ్బా వద్దు. మా వీధి మీకు తెలుసు, నా ముఖం మీ గోడ మీదే ఉంది. ఆమె నిజంగా ఊపిరి ఆపేలోపల ఎవరో ఒకరు వచ్చి నాకు జవాబు చెప్పండి.